సింహగఢ్ గోడలు కట్టిన లావా

1670లో యుద్ధం జరిగిన కొండను జట్టుగా ఎక్కుతుంటే రాయి, నీరు, మన ఒళ్లు చెప్పే సంగతులు

కొండమీది కోటను పట్టుకోవాలంటే చుట్టుముట్టి, దారులు మూసి, లోపలివాళ్ల తిండీ నీళ్లూ అయిపోయేదాకా కాచుకుని కూర్చోవడం పాతకాలపు పద్ధతి. దానికి నెలలు పట్టేది. పుణెకి నైరుతి దిక్కున, ముప్పై కిలోమీటర్లకు కాస్త అటూఇటూగా ఉన్న కొండాణా కోట మాత్రం 1670 ఫిబ్రవరి 4న ఒక్క రాత్రిలో చేతులు మారింది. శివాజీ సేనాని తానాజీ మాలుసరే, ఆయన వెంట వచ్చిన మావళ సైనికులు మొదట ద్వారాల జోలికి పోలేదు. నిట్టనిలువు రాతిచరియను చీకట్లో ఎక్కి కోటలోకి దిగారు. ఆ పోరులో తానాజీ, మొఘలుల తరఫున కోటను కాస్తున్న ఉదయభాన్ రాఠోడ్ ఇద్దరూ చనిపోయారు. తానాజీ తమ్ముడు సూర్యాజీ మిగిలినవాళ్లను కూడగట్టి కోటను గెలిచాడు. 1665 నాటి పురందర్ ఒప్పందం కింద శివాజీ వదులుకున్న 23 కోటల్లో ఒకటి అలా తిరిగొచ్చింది.

చరియ వైపు కాపలా పలచగా ఉందని ఈ కథ చెప్పేవాళ్లంతా అంటారు. అటునుంచి మనిషి రాలేడన్న ధీమా. మరి పశువులు మేస్తూ ఎక్కగలిగే వాలున్న కొండకి, పైకి వచ్చేసరికి అంత నిటారు గోడ ఎక్కడినుంచి వచ్చింది? ఎక్కలేనంత నిటారుగా ఉంటే ఆ రాత్రి వాళ్లెలా ఎక్కారు? అంత ఎత్తున, నాలుగు దిక్కులా లోయలున్నచోట, వందలమందికి సరిపడా నీళ్లు ఎలా దొరికాయి?

ఈ మూడు ప్రశ్నలకూ జవాబు ఒకటే. ఆ కొండ పుట్టిన తీరులోనే దాని బలమూ ఉంది, దాని లొసుగూ ఉంది.

## కాళ్లకు ముందు తెలిసే సంగతి

ఇప్పుడు ఆ కోటని అందరూ సింహగఢ్ అంటున్నారు. సముద్రమట్టానికి 1,312 మీటర్ల ఎత్తు. శని, ఆదివారాల్లో తెల్లవారకముందే కొండ కింది ఆత్కర్‌వాడీ ఊరు సందడిగా ఉంటుంది. కాలేజీ పిల్లలు, పదవీ విరమణ చేసిన పెద్దలు, పుణెలో ఉద్యోగాలు చేసుకుంటున్న తెలుగువాళ్లు, అందరూ జట్లుజట్లుగా బయల్దేరతారు. అక్కణ్ణించి కోట ద్వారం దాకా దాదాపు 600 మీటర్ల ఎత్తు ఎక్కాలి. అలవాటున్నవాళ్లకి గంట, కొత్తవాళ్లకి రెండు గంటలు.

ఎక్కేటప్పుడు దారి ఒకే తీరుగా ఉండదు. కాసేపు మట్టిదారి, గడ్డి, చెట్లనీడ. మాట్లాడుకుంటూ నడవొచ్చు. అంతలో దారి నిటారుగా లేస్తుంది, నల్లటి బండలు ఎదురవుతాయి, చేతులు ఆన్చాల్సి వస్తుంది. అది దాటగానే మళ్లీ కాస్త చదును. మళ్లీ బండ. దూరం నుంచి చూస్తే సహ్యాద్రి కొండలన్నిటికీ అడ్డంగా గీతలు గీసినట్టు ఉండేది ఇందువల్లే. చదునూ గోడా, చదునూ గోడా. చివరికి పైన బల్లపరుపు.

నిటారుగా ఉన్నచోట ఒకసారి ఆగి బండను దగ్గరగా చూడండి. గట్టిగా, సన్నటి పలుకుతో, ముదురు బూడిద రంగులో ఉంటుంది. కాస్త పైకో కిందకో వచ్చి, వాలుగా ఉన్నచోట బయటపడ్డ రాయిని చూడండి. అందులో బఠాణీ గింజంత గుంటలుంటాయి. కొన్ని ఖాళీగా, కొన్ని తెల్లటి ఖనిజంతో నిండి. గోటితో గీరితే కొన్నిచోట్ల రాయే పొడిగా రాలుతుంది. రెండూ ఒకే లావా నుంచి వచ్చినవే. ఒకటి గోడయింది, ఇంకొకటి మట్టవుతోంది. తేడా ఎక్కడ వచ్చింది?

## పొర మీద పొర

సుమారు 6.6 కోట్ల ఏళ్ల క్రితం పశ్చిమ భారతంలో నేల పగుళ్లు విచ్చి లావా పొంగింది. శంకువులాంటి అగ్నిపర్వతం ఒకటి పేలడం కాదు ఇది. పొడవాటి నెర్రెల్లోంచి పలచటి లావా పైకి వచ్చి మైదానాల మీద పరుచుకోవడం. ఒకసారి వచ్చింది చల్లారాక, కొంతకాలానికి దాని మీద ఇంకొకటి. ఇలా లక్షల ఏళ్ల పాటు సాగింది. ఇవాళ్టికీ ఈ రాయి దాదాపు 5 లక్షల చదరపు కిలోమీటర్ల మేర కనిపిస్తుంది. పశ్చిమ కనుమల్లో ఈ పొరలన్నీ కలిపితే 2 కిలోమీటర్లకు పైగా మందం. శాస్త్రవేత్తలు దీన్ని దక్కన్ ట్రాప్స్ అంటారు. రాయి పేరు బసాల్ట్. మనం మామూలుగా నల్లరాయి అనే రాళ్లలో ఇదీ ఒకటి.

ఒక్కొక్క పొర ఎలా గట్టిపడిందన్నదే ఇక్కడ కీలకం. పెనం మీద అట్టు పోసినప్పుడు అడుగునుంచి పుట్టిన ఆవిరి బుడగలై పైకి వచ్చి, పైభాగమంతా చిల్లులు పడుతుంది. అడుగు మాత్రం గట్టిగా, నున్నగా కాలుతుంది. లావాలోనూ అదే జరుగుతుంది. 1,100 డిగ్రీల సెల్సియస్‌కి పైగా వేడితో ఉన్న ఆ ద్రవంలో నీటి ఆవిరి, కార్బన్ డయాక్సైడ్ లాంటి వాయువులు కరిగి ఉంటాయి. నేల పైకి రాగానే ఒత్తిడి తగ్గి అవి బుడగలు కడతాయి, తేలిగ్గా ఉంటాయి కనుక పైకి పోతాయి. పైన గాలి తగిలి అప్పటికే గట్టిపడుతున్న తొక్క కింద అవి చిక్కుకుపోతాయి. లావా పూర్తిగా చల్లారేసరికి పొర పైభాగం గుంటలు గుంటలుగా, మధ్యభాగం గట్టిగా తయారవుతుంది. తర్వాతి కాలంలో ఆ గుంటల్లోకి ఖనిజాలు కలిసిన నీరు దిగి తెల్లటి స్ఫటికాలు పేరుకున్నాయి. దారిలో రాతి మీద కనిపించే తెల్లచుక్కలు అవే. పుణె చుట్టుపక్కల గనుల్లో దొరికే ఇలాంటి స్ఫటికాలు ప్రపంచంలోని పెద్దపెద్ద మ్యూజియాల దాకా వెళ్లాయి.

రెండు లావా పొరల మధ్య విరామం ఎక్కువగా ఉన్నప్పుడు ఇంకొకటి జరిగింది. పై తొక్క వానకీ ఎండకీ మెత్తబడి బంకమట్టిగా మారింది. దాని మీదికి కొత్త లావా వచ్చి కప్పేసింది. ఇప్పుడు రోడ్డు కోసం కొండను కోసినచోట నల్లరాళ్ల నడుమ ఇటుకరంగు చారలా కనిపించేది ఆ మట్టిపొరే.

> రాజమహేంద్రవరం దాకా వచ్చిన లావా
>
> సహ్యాద్రిలో పొంగిన లావాకీ గోదావరి జిల్లాలకీ సంబంధం ఉంది. రాజమహేంద్రవరం దగ్గర నదికి తూర్పున కాతేరు వైపు, పడమర పంగిడి వైపు నల్లరాతి క్వారీలున్నాయి. ఆ రాతి రసాయన కూర్పునీ, అది గట్టిపడినప్పుడు అందులో నిలిచిపోయిన అయస్కాంత దిశనీ శాస్త్రవేత్తలు పోల్చి చూశారు. అవి మహాబలేశ్వర్ ప్రాంతంలోని పొరలతో సరిపోయాయి. అంటే లావా పాత నదీలోయల వెంట సుమారు 1,000 కిలోమీటర్లు పారి తూర్పుతీరానికి చేరిందన్నమాట. భూమి మీద మనకు తెలిసిన అతి పొడవైన లావా ప్రవాహాల్లో ఇదొకటి.
>
> అంతదూరం చల్లారకుండా ఎలా వచ్చింది? పైన గట్టిపడ్డ తొక్కే దాన్ని కాపాడింది. రాయి వేడిని త్వరగా బయటికి పోనివ్వదు. తొక్క కింద లావా వేడి తగ్గకుండా పారుతూ ముందుకు వెళ్లింది. తెలంగాణలో ఆదిలాబాద్ వైపు, వికారాబాద్ అనంతగిరి కొండల్లో కనిపించే నల్లరాయి కూడా ఈ కుటుంబానిదే.

## గోడ ఎలా నిలిచింది

లావా పొరలు పరిచినప్పుడు కొండలు లేవు, పీఠభూమి ఉంది. కొండల్ని చెక్కింది ఆ తర్వాత కురిసిన వాన, పారిన ఏరు. కోట్ల ఏళ్ల పాటు నీరు పీఠభూమిని కోస్తూ పోయింది. కోత పడని ముక్కలు కొండలుగా మిగిలాయి. సింహగఢ్ పైభాగం బల్లపరుపుగా ఉండటానికి కారణం ఇదే. అది పాత పీఠభూమిలో మిగిలిన తునక.

నీరు అన్ని పొరల్నీ ఒకేలా కోయలేదు. గుంటల రాయిలోకి తేమ తేలిగ్గా దిగుతుంది, ఎర్రమట్టి పొర అసలే మెత్తన. ఖనిజాలు కుళ్లి బంకమట్టిగా మారతాయి, వానకి కొట్టుకుపోతాయి. అక్కడ కొండ వాలుగా తయారవుతుంది. మధ్యనున్న గట్టిరాయి తొందరగా కరగదు. కానీ కింద ఉన్న మెత్తటి పొర తరిగిపోతున్నకొద్దీ దాని కాళ్ల కింద నేల పోతుంది. ఆధారం లేక అంచు విరిగి పడుతుంది.

ఆ విరగడం నిలువుగానే ఎందుకు? లావా చల్లారేటప్పుడు కుంచించుకుంటుంది. అంత పెద్ద పొర ఒక్కముక్కగా కుంచించుకోలేదు కనుక నెర్రెలు విచ్చుతుంది. చల్లదనం పైనుంచి కిందికీ, కిందినుంచి పైకీ పాకుతుంది కాబట్టి నెర్రెలు కూడా అదే దారిలో నిలువుగా దిగుతాయి. గట్టి పొర లోపల ఇలా నిలువు పగుళ్లు ముందే సిద్ధంగా ఉన్నాయి. అంచు విరిగినప్పుడల్లా ఏదో ఒక పగులు వెంట నిలువుగా తెగిపోతుంది. అందుకే ఎంతకాలం అరిగినా చరియ నున్నటి వాలుగా మారదు. వెనక్కి జరుగుతుంది, నిటారుగానే ఉంటుంది.

కోట కట్టినవాళ్లకి ఈ సంగతి శాస్త్రంగా తెలియకపోయినా కంటికి తెలుసు. వాలు ఉన్నచోట గోడ కట్టారు, ద్వారాలు పెట్టారు, బురుజులు లేపారు. చరియ ఉన్నచోట ఆ శ్రమ అంత అవసరం పడలేదు. తాపీవాడి కన్నా ఎన్నో కోట్ల ఏళ్ల ముందే లావా ఆ పని చేసిపెట్టింది.

> భువనగిరి ఎందుకు గుండ్రం?
>
> మన భువనగిరి కోట కూడా కొండ బలంతో నిలిచినదే. కానీ అక్కడ చదునూ లేదు, పొరల మెట్లూ లేవు. నున్నగా, గుండ్రంగా ఒకే బండ. కారణం రాయి వేరు. తెలంగాణ గ్రానైట్ దాదాపు 250 కోట్ల ఏళ్ల నాటిది. భూమి లోతుల్లో నెమ్మదిగా చల్లారింది, కాబట్టి పలుకులు కంటికి కనిపించేంత పెద్దవి. అది పొరలుగా పరుచుకున్నది కాదు, ఒకే ముద్ద. పైనున్న నేల అరిగిపోయి బరువు తగ్గినప్పుడు గ్రానైట్ కాస్త ఉబ్బుతుంది, పైపైన పెచ్చులుగా లేచిపోతుంది. మూలలు ముందు పోతాయి. అలా పోగా పోగా గుండు మిగులుతుంది.
>
> గుండు మీద ఎక్కేవాడికి దాక్కునే చోటు లేదు. మెట్లకొండ మీద ప్రతి గోడ కిందా నీడ ఉంటుంది. రెండు కోటల కాపలా తీరు వేరుగా ఉండాల్సింది ఇందుకే.

## చరియలోని లొసుగు

నిలువుగా తెగేలా చేసిన పగుళ్లే ఎక్కేవాడికి పట్టు ఇస్తాయి. నల్లరాతి చరియను దగ్గర్నుంచి చూస్తే అది గచ్చు చేసిన గోడలా ఉండదు. నిలువునా వేళ్లు దూరే సందులుంటాయి. పొరలు మారినచోట అడ్డంగా సన్నటి అంచులుంటాయి. పశువుల వెంట కొండల్లో తిరిగి పెరిగినవాళ్లకి పాదం ఎక్కడ ఆన్చాలో తెలుస్తుంది. మావళ సైనికులు అలాంటి కొండపల్లెలవాళ్లే.

కాలం కూడా కలిసొచ్చింది. వానాకాలంలో ఈ చరియలన్నీ నీరు కారుతూ, నాచు పట్టి ఉంటాయి. తడిసిన నాచుకీ పాదానికీ మధ్య సన్నటి నీటిపొర చేరితే రాపిడి పోతుంది, కాలు జారుతుంది. యుద్ధం జరిగింది మాఘ బహుళ నవమి నాడు. వానలు వెళ్లిపోయి నెలలైంది. రాయి పొడిగా ఉండే కాలం.

పంచాంగం తెలిసినవాళ్లకి ఆ తిథి ఇంకో సంగతి కూడా చెబుతుంది. బహుళ నవమి నాడు చంద్రుడు అర్ధరాత్రి దాటాకే వస్తాడు, అదీ సగం చంద్రుడు. అప్పటిదాకా చీకటి. మన కంటిలో చీకటికి పనికొచ్చే కణాలు పూర్తిగా మేలుకోవడానికి ఇరవై నుంచి ముప్పై నిమిషాలు పడుతుంది. ఒక్కసారి దివిటీ వైపు చూస్తే చాలు, ఆ మేలుకోవడం మళ్లీ మొదటికి వస్తుంది. వెలుతురు పక్కన కూర్చున్న కాపలావాడి కన్నా చీకట్లో నడుస్తున్నవాడికి ఎక్కువ కనిపించే సమయం అది. రాత్రి నడకకి వెళ్లే జట్లు తలకు కట్టుకున్న లైట్లను ఎదుటివాళ్ల మొహాల మీదికి తిప్పకూడదనేది అందుకే.

తాడు పట్టుకుని ఎక్కడంలో మాత్రం ఒక చిక్కుంది. పిడికిలి గట్టిగా బిగించినప్పుడు ముంజేతి కండరాలు తమలోని రక్తనాళాలను తామే నొక్కేస్తాయి. రక్తం అందదు, కండరం రాయిలా బిగిసి పట్టు వదిలేస్తుంది. చేతుల మీదే వేలాడితే ఈ స్థితి నిమిషాల్లో వస్తుంది. బరువంతా కాళ్ల మీద వేసి, చేతుల్ని ఆసరాకే వాడితే చాలాసేపు నిలుస్తారు. ఎక్కగానే కత్తి పట్టాల్సినవాళ్లకి ఇది ప్రాణం మీది సంగతి. చేతుల బలం పైన చేయాల్సిన పోరాటానికి దాచుకోవాలి.

తానాజీ పేరు చెప్పగానే ఉడుము కథ వస్తుంది. యశవంతి అనే ఉడుముకి తాడు కట్టి చరియ మీదికి పంపారని మరాఠీ వీరగాథలు పాడాయి. ఉడుంపట్టు తెలుగువాళ్లకీ కొత్త కాదు. ఉడుముకి వంకీలు తిరిగిన బలమైన గోళ్లుంటాయి. బండసందులో దూరి, ఒళ్లు ఉబ్బించి బిగుసుకుంటే బయటికి లాగడం చాలా కష్టం. కానీ పెద్ద ఉడుమైనా కొద్ది కిలోల జీవి. ఎక్కడ దూరాలో, ఎప్పుడు బిగుసుకోవాలో చెప్పి చేయించలేం. సందులో ఇరుక్కోకుండా చరియ అంచున ఉంటే అరవై కిలోల మనిషి బరువుకి అది జారి కిందికి వస్తుంది. చాలామంది చరిత్రకారులు దీన్ని తర్వాత అల్లిన కథగానే చూస్తారు. రాతి తీరు తెలిసిన తర్వాత ఆ కథ అవసరం కూడా కనిపించదు. ఆ చరియ ఎక్కడానికి మనుషుల వేళ్లు, పాదాలు, ధైర్యం సరిపోతాయి. ఆ ఘనత వాళ్లకే దక్కాలి.

## కొండ మీద నీళ్లు

సింహగఢ్ మీద రాతిలో తొలిచిన నీటితొట్లు చాలా ఉన్నాయి. వాటిలో దేవ్‌టాకే మంచి నీళ్లకి పేరు. వాటిలోకి నీరు ఎలా వస్తుందో పొరల లెక్క తెలిస్తే అర్థమవుతుంది.

జూన్ నుంచి సెప్టెంబరు దాకా కురిసే వాన బల్లపరుపు మీద పడి, రాతి పగుళ్లలోంచి కిందికి దిగుతుంది. గుంటలపొరలో కొంత నిలుస్తుంది. ఎర్రమట్టి పొర గానీ పగుళ్లు లేని గట్టిరాయి గానీ అడ్డం వస్తే ఇక కిందికి పోలేదు, పక్కకి పారుతుంది. ఆ రెండు పొరలు కలిసేచోట తవ్వితే ఊట తగులుతుంది. పాతకాలంలో తొట్లు తొలిచినవాళ్లు ఈ ఊటగీతల్ని వెతికి పట్టుకున్నారు. రాయి తవ్వగా వచ్చిన బండలు గోడలకి పనికొచ్చాయి.

దారిలోనూ దీన్ని గమనించొచ్చు. ఎండాకాలంలో కొండంతా గోధుమరంగుకి తిరిగినా, చరియ అడుగున ఒక వరసలో చెట్లు పచ్చగా నిలుస్తాయి. ఆ పచ్చటి గీత నీరు బయటపడే పొరకి గుర్తు.

## మొదటి పది నిమిషాల ఆయాసం

కొండ సంగతి అలా ఉంచి మన ఒంటి సంగతికి వద్దాం. నడక మొదలెట్టిన కాసేపటికే చాలామంది రొప్పుతారు. కొండమీద గాలి పలచబడిందేమో అనుకుంటారు. కారణం అది కాదు. సింహగఢ్ పైన కూడా గాలి ఒత్తిడి సముద్రతీరంతో పోలిస్తే దాదాపు 15 శాతమే తక్కువ. ఎత్తువల్ల వచ్చే జబ్బు సాధారణంగా 2,500 మీటర్లు దాటాక మొదలవుతుంది.

అసలు చిక్కు సమయంలో ఉంది. మొదటి అడుగు నుంచే తొడ కండరాలకి ఆక్సిజన్ ఎక్కువ కావాలి. గుండె, ఊపిరితిత్తులు, రక్తనాళాలు ఆ వేగాన్ని అందుకోవడానికి రెండు మూడు నిమిషాలు పడుతుంది. ఈలోగా కండరాలు ఆక్సిజన్ లేకుండానే శక్తి తయారుచేసుకునే అడ్డదారి పడతాయి. దానివల్ల రక్తంలో ఆమ్లం, కార్బన్ డయాక్సైడ్ పెరుగుతాయి. మెదడు ఊపిరిని నడిపించేది ముఖ్యంగా కార్బన్ డయాక్సైడ్ లెక్కను బట్టే. అది పెరగగానే రొప్పు పుడుతుంది. మొదట్లో ఎంత వేగంగా వెళితే ఈ ఆక్సిజన్ బాకీ అంత పెరుగుతుంది. మొదటి పది నిమిషాలు కావాలనే నెమ్మదిగా నడిస్తే బాకీ లేకుండా మిగతా దారి సాగుతుంది. మాట తెగకుండా మాట్లాడగలిగితే ఆ వేగం సరైనదని గుర్తు.

> 600 మీటర్ల ఖర్చు
>
> 60 కిలోల మనిషిని 600 మీటర్లు పైకి లేపడానికి కావలసిన పని సుమారు 85 కిలోకెలరీలు. కండరాలు తాము వాడే శక్తిలో నాలుగో వంతో ఐదో వంతో మాత్రమే పనిగా మార్చగలవు. కాబట్టి ఒళ్లు ఖర్చుపెట్టేది 340 నుంచి 425 కిలోకెలరీల దాకా ఉంటుంది. మిగిలినదంతా వేడి. ఆ వేడిని చెమట ఆరుతూ బయటికి పంపాలి. లీటరు చెమట పూర్తిగా ఆరితే దాదాపు 580 కిలోకెలరీల వేడి పోతుంది. అంటే ఈ ఎక్కుడుకి సుమారు అర లీటరు చెమట ఆరాలి. కారి నేలపాలైన చెమట చల్లబరచదు కనుక నిజంగా పోయేది ఇంకా ఎక్కువ.
>
> కొండ పైన ఊరివాళ్లు అమ్మే మజ్జిగ, మట్టిపిడతల్లో పెరుగు, శనగపిండితో చేసే పిఠ్లా, రొట్టె ఊరికే రుచికి నిలిచినవి కావు. పోయిన నీరు, ఉప్పు, శక్తి మూడూ వాటిలో తిరిగొస్తాయి.

## జట్టులో వెనకబడినవాళ్లు

జట్టు నడకలో ఎప్పుడూ జరిగేదొకటి ఉంది. ముందువాళ్లు గబగబా వెళ్లి ఒకచోట కూర్చుంటారు. వెనకవాళ్లు రొప్పుతూ వచ్చేసరికి ముందువాళ్ల అలసట తీరుతుంది, లేచి బయల్దేరతారు. అంటే బలమున్నవాళ్లకి ప్రతిచోటా విశ్రాంతి దొరికింది, అవసరమున్నవాళ్లకి ఒక్కచోటా దొరకలేదు. వెనకబడినవాళ్లు తొందరపడి బాకీ పెంచుకుంటారు, ఇంకా వెనకబడతారు. అందరికన్నా నెమ్మదిగా నడిచేవాళ్లను ముందు ఉంచి, వాళ్ల వేగానికే జట్టు నడిస్తే ఈ చక్రం తెగుతుంది. మొత్తం సమయం కూడా పెద్దగా పెరగదు, ఎందుకంటే జట్టు చేరేది ఎప్పుడైనా చివరివాళ్లు చేరినప్పుడే.

నిటారు బండల దగ్గర ఒకరి నెత్తిన ఒకరు ఎక్కకూడదు. 20 మీటర్ల పైనుంచి జారిన రాయి కిందికి వచ్చేసరికి గంటకి 70 కిలోమీటర్ల వేగం అందుకుంటుంది. కోటలు కాసినవాళ్లు అంచుల్లో రాళ్లగుట్టలు పోగేసి ఉంచుకున్నది ఈ వేగం తెలిసే.

దిగేటప్పుడు ఆయాసం రాదు, కానీ మర్నాడు మెట్లు దిగలేనంతగా తొడలు పట్టేస్తాయి. ఎక్కేటప్పుడు తొడ కండరం కుంచించుకుంటూ పనిచేస్తుంది. దిగేటప్పుడు ఒంటి బరువుని ఆపుతూ, సాగుతూ పనిచేస్తుంది. సాగుతూ బరువు మోసినప్పుడు కండరంలోని సన్నటి పోగులు అక్కడక్కడా దెబ్బతింటాయి. ఒళ్లు వాటిని బాగుచేసుకునే క్రమంలో ఒకటి నుంచి మూడు రోజుల మధ్య నొప్పి బాగా తెలుస్తుంది. చిన్న అడుగులు వేస్తూ, మోకాలు కాస్త వంచి, చేతికర్ర ఆన్చుకుని దిగితే దెబ్బ తగ్గుతుంది. మంచి సంగతేమిటంటే, ఒకసారి ఇలా దిగిన కండరం కొన్ని వారాల పాటు అదే పనికి తట్టుకుంటుంది. వారం వారం వచ్చే పెద్దవాళ్లు కుర్రవాళ్లకన్నా హాయిగా దిగిపోవడం వెనక రహస్యం ఇదే.

దిగే తొందరలో మలుపుదారిని వదిలి అడ్డంగా కోసుకుపోవడం చాలా జట్లకి అలవాటు. అడుగుల కింద గడ్డి చస్తుంది, మట్టి బిగుసుకుని వాననీటిని లోపలికి తీసుకోదు. నీరు ఆ అడ్డదారినే కాలువ చేసుకుని మట్టిని కోసుకుపోతుంది. నాలుగు వానాకాలాలకి అది గండి అవుతుంది.

## మెత్తటి పొర మీద ఊళ్లు

గట్టిపొర కోటకి గోడ ఇచ్చింది. మెత్తటి పొర మనుషులకి బతుకునిచ్చింది. చరియల కింద చదునుగా ఉన్నచోటే మట్టి లోతుగా ఉంటుంది, ఊట దొరుకుతుంది, పైరు పండుతుంది. సహ్యాద్రిలో కొండనడుమ పల్లెలు చాలావరకు అలాంటి చోట్లే ఉన్నాయి.

వానాకాలంలో ఆ చోటే ప్రమాదం తెస్తుంది. వారం రోజులు ఎడతెరిపి లేకుండా కురిస్తే మట్టి నీటితో నిండిపోతుంది. కింద గట్టిరాయి ఉంటుంది కనుక నీరు దిగదు. మట్టి రేణువుల మధ్య నీటి ఒత్తిడి పెరిగి అవి ఒకదాన్నొకటి పట్టుకునే బలం పోతుంది. వాలు మొత్తం ఒక్కసారిగా జారుతుంది. పుణె జిల్లాలోని మాళిణ్ ఊరు 2014 జులై 30న ఇలాగే మట్టి కింద కూరుకుపోయింది. 150 మందికి పైగా చనిపోయారు. 2023 జులై 19 రాత్రి రాయగఢ్ జిల్లాలో ఇర్షాల్‌గఢ్ అనే మరో కోటకొండ ఒడిలోని ఇర్షాల్‌వాడీ అదే తీరున పోయింది. అక్కడికీ జట్లు నడకకి వెళ్లేవి. ఆ ఊరివాళ్లే దారి చూపించి అన్నం పెట్టేవాళ్లు.

భారత భూగర్భ సర్వేక్షణ సంస్థ దేశమంతటా జారే ప్రమాదమున్న వాలులను గుర్తించి పటాలు గీస్తోంది. పటం ఆఫీసులో ఉంటే చాలదు, అది ఊరి భాషలో ఊరివాళ్ల చేతికి చేరాలి. వాలు మీద కొత్తగా పగుళ్లు రావడం, చెట్లూ స్తంభాలూ ఒకవైపు వాలడం, ఊటనీరు హఠాత్తుగా బురదగా మారడం లేదా ఆగిపోవడం, ఇవి ముందుగా కనిపించే గుర్తులు. నెలకోసారి ఒకే కొండ ఎక్కే జట్టుకి ఇలాంటి మార్పు తేలిగ్గా తెలుస్తుంది. కనిపిస్తే ఊళ్లో చెప్పాలి, తాలూకా కచేరీకి తెలియజేయాలి. భారీ వర్షాల హెచ్చరిక ఉన్నరోజు కొండ జోలికి పోకూడదు, పోయి ఊరివాళ్ల మీద భారం కాకూడదు.

మూడున్నర శతాబ్దాల క్రితం సింహగఢ్ మీద గెలిచినవాళ్లు కొండని తెలిసినవాళ్లు. ఏ రాయి పట్టు ఇస్తుందో, ఏ కాలంలో ఆరుతుందో, చంద్రుడు ఎప్పుడొస్తాడో తెలిసి కదిలారు. ఇవాళ ఆ తెలివికి శాస్త్రం తోడైంది, పొరల లోపలి లెక్క కూడా మనకు తెలుసు. తానాజీని తలుచుకుంటూ ఆ కొండ ఎక్కే ప్రతి జట్టూ ఈ లెక్కను నేర్చుకుని, కొండనడుమ బతుకుతున్నవాళ్ల క్షేమానికి వాడితే, ఆ నడకకి నిజమైన విలువ వస్తుంది.